ఆగిన పడవలో కూర్చోవడం

ఇంజిన్ ఆగాక కూడా దాని మోత కాసేపు చెవుల్లో ఉండిపోయింది, ఆఖరి గంట కొట్టాక బడి వరండాలో మిగిలే మోత లాగా. తర్వాత అదీ పోయింది. ఇప్పుడు పడవ అడుగున నీళ్ళు తడుముతున్న చిన్న చప్పుడు, అంతే. ఇక ఎవరూ మాట్లాడకూడదు. మామయ్య పడవ ముక్కు దగ్గర పలక మీద, మా వైపు వీపు పెట్టి కూర్చున్నారు. నిటారుగా, రెండు చేతులూ రెండు అంచుల మీద. కళ్ళు దాదాపు కనిపించని మనిషని వెనకనుంచి చూసి ఎవరూ అనుకోరు. ఇక్కడిదాకా పడవ నడుపుకొచ్చిన మరిది ఇంజిన్ ఆపి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, మధ్యలో వల పెట్టే చోటికి వెళ్ళి కూర్చున్నాడు. ఆడపడుచు ఐసు పెట్టె పక్కన. నేను వెనక, ఇంజిన్‌కి కొంచెం ముందున్న అడ్డపలక మీద. దూరంగా రేవు గట్టు మీద ఈ పడవ కట్టిన మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఇక్కడినుంచి అగ్గిపుల్లంత కనిపిస్తున్నాడు. పొద్దున్నే అన్నాడు, "మీ ఇంట్లోవాళ్ళ సంగతి నాకు తెలుసు టీచర్‌గారూ, మిగతా వాళ్ళు పడవ ఎంత జోరుగా పోతుందో చూసి కొంటారు, మీరు మాత్రం కదలకుండా కూర్చుని కొంటారు" అని. వెటకారమే, కానీ అందులో కొంచెం గౌరవం కూడా ఉంది. ఆ రెండూ కలిపి మాట్లాడటం చేతిపనివాళ్ళకి బాగా వచ్చు.

కదలకుండా కూర్చోవడం ఈ ఇంటి పద్ధతి. కొత్త పడవకి సరేనని మాట ఇచ్చేముందు ఇంట్లో అందరూ దాన్ని లోతు నీళ్ళకి తీసుకెళ్ళి, ఇంజిన్ ఆపి, ఎవరి చోట వాళ్ళు కూర్చుని, నోరు మెదపకుండా ఒక గంట ఉండాలి. గడియారం ఎవరూ చూడరు. మామయ్య చాలన్నప్పుడు చాలు. కొత్త కోడలిగా నాకు దీన్ని వివరించి చెప్పింది కూడా మామయ్యే. "పోయే పడవ ఎవడికైనా నచ్చుతుందమ్మా. మనం బతికేది ఆగిన పడవలో. వల వేసినా ఆగే వేస్తాం, లాగినా ఆగే లాగుతాం, అన్నం తిన్నా ఆగే తింటాం. మరి ఆగినప్పుడు దాని గుణం ఏంటో చూడొద్దా?" నోరెందుకు మూసుకోవాలి మామయ్యా అనడిగితే, "మన గోల మనం వింటూ కూర్చుంటే దాని గోల ఎవరు వింటారు?" అన్నారు. చాలా ఏళ్ళ తర్వాత నేను తరగతిలో ఇదే మాట కాస్త మార్చి వాడుకున్నాను. పిల్లలకి పాఠం మొదలుపెట్టేముందు కిటికీ బయటి చప్పుళ్ళు కాసేపు వినమని చెప్పేదాన్ని. అది ఎవరి దగ్గర నేర్చుకున్నానో వాళ్ళకి చెప్పలేదు గానీ చెప్పాల్సింది.

ఈ గంటలో పడవ వాలితే వద్దు. అది మామయ్య మాట, దానికి తిరుగులేదు. అడుగున నీరు ఊరితే బాగుచేయించవచ్చు, అంచు గరుకుగా ఉంటే గీకించవచ్చు, ఊరకే నిలబడ్డ నీళ్ళలో ఒక పక్కకి వాలే పడవ మాత్రం వద్దే వద్దు. వద్దంటే మేస్త్రి దీన్ని వేరేవాళ్ళకి ఇచ్చేస్తాడు, అడిగేవాళ్ళు సిద్ధంగానే ఉన్నారు. మళ్ళీ ఇంకొకటి కట్టేసరికి ఈ ఏటి వేట అయిపోతుంది. పాత పడవ ఇసకలో బోర్లా పడి ఉంది, దాని వీపు మీద ఇప్పుడు ఎవరివో బట్టలు ఆరుతున్నాయి. మరిది పెద్ద మర పడవల మీదికి కూలికి పోతానని అప్పుడే ఒకాయనతో మాట్లాడి పెట్టుకున్నాడు. పోతే వారాల తరబడి రాడు. ఆడపడుచు ఐసు ఫ్యాక్టరీకి పోతుంది. అలా పోయినవాళ్ళు మళ్ళీ ఒక పడవలో కూర్చోవడం నేను ఎక్కడా చూడలేదు. ఇదంతా అందరికీ తెలిసిన సంగతి, అందుకే ఇవాళ అందరం ఇంత మర్యాదగా కూర్చున్నాం. నాకు మాత్రం ఇంకొకటుంది, అది ఎవరికీ చెప్పలేదు. ఒక వాక్యం నిజమో కాదో ఈ గంటలో తేలిపోతుంది.

మా ఆయన పోయిన వానాకాలం పోయారు. నీళ్ళ మీద కాదు. ఆ రోజు సాయంత్రం మేస్త్రి షెడ్డు నుంచి వచ్చి, ఇంటి మెట్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నారు. మోచేతుల దాకా తెల్లటి ఫైబర్ పొడి, కనుబొమ్మల మీద కూడా. వంటింట్లో ఉన్న నాకు వినపడేలా అన్నారు, "ఈ పడవ నీళ్ళలో బాగా కూర్చుంటుంది" అని. అప్పటికి అది సగమైనా కాలేదు, అచ్చులోంచి బయటికి తీసిన ఒట్టి డొప్ప. నేను జవాబు చెప్పేలోపు పాలు పొంగాయి. స్టవ్ ఆపి, గట్టు తుడిచి, గ్లాసు పట్టుకుని వచ్చేసరికి అలాగే ముందుకి వంగి ఉన్నారు, ఒక తాడు విప్పి, ఇంకొకటి వేళ్ళ మధ్య పట్టుకుని. డాక్టరు గుండె అన్నాడు. నొప్పి ఉండి ఉండదన్నాడు. నేను మాటలు చూసి వాడే మనిషిని కాబట్టి ఆ 'ఉండి ఉండదు' దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. తర్వాత దాన్ని వదిలేసి ఆయన ఆఖరి వాక్యం పట్టుకున్నాను. అందులో అనుమానపు ముక్క ఒక్కటీ లేదు. బాగా కూర్చుంటుంది. ఎలా తెలుసు? నీళ్ళు ముట్టని పడవ గురించి అంత తేలిగ్గా ఎలా చెప్పగలిగారు? ఆయన మామూలుగా అలా మాట్లాడే మనిషి కాదు. వాన పడేలా ఉంది అనడానికి కూడా రెండుసార్లు బయటికెళ్ళి చూసొచ్చేవారు.

చూడటం అంటే ఆయనే చూడాలి. పడవ కొనేముందు ఏం చూడాలని ఎవరైనా అడిగితే, ముందు వంగి చూడండి అనేవారు, నిలబడి చూస్తే రంగు కనిపిస్తుంది, వంగితే పడవ కనిపిస్తుంది అని. ఇవాళ పొద్దున షెడ్డులో మేం ముగ్గురం ఆయన చేసినట్టే చేశాం, ఎవరూ పురమాయించకుండానే. మరిది వేలి కణుపులతో పడవ పొడుగునా తట్టుకుంటూ పోయాడు, చెవి దానికి ఆనించి. గట్టి చోట టకటకమంటుంది, పొరల మధ్య గాలి ఉండిపోయిన చోట బోలుగా, ముక్కు దిబ్బడ వేసిన గొంతులా పలుకుతుంది. ఎక్కడా గొంతు మారలేదు. ఆడపడుచు వెనక పలక ముందు కూర్చుంది, ఇంజిన్ బరువంతా మోసే పలక అది. బోల్టులు దిగిన బెజ్జాల్లో వేలు పెట్టి తడి ఉందేమో చూసింది, వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, "కొత్త బీరువా వాసన" అంది. లోపలి చెక్క నానితే పైకి ఏమీ తెలియదట, వాసనే ముందు చెబుతుందట. నా వంతు అంచులు. పాత నూలు దుప్పటి ముక్క చేతికి చుట్టుకుని ముక్కు నుంచి వెనక దాకా అంచు మీద రాసుకుంటూ పోయాను. దూది నూగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ రేపు వల చిక్కుకుంటుంది. ఈ ఉపాయం ఆయనదే. మొదటిసారి పాత పడవకి అలా చేస్తుంటే, మా అత్తగారు దుప్పటి ముక్క గుర్తుపట్టి, "ఇదా, నిన్నటిదాకా నా మంచం మీద ఉండేది!" అని గొడవ చేశారు. "నువ్వు దాని మీద నిద్రపోయేదానివి, నేను దీనివల్ల నిద్రపోతానమ్మా" అన్నారు ఈయన. ఇవాళ నూగు ఒక్క చోట చిక్కింది. మేస్త్రి గరుకు కాగితం తెచ్చి అక్కడ రుద్దాడు, మళ్ళీ రాయమన్నాడు. చిక్కలేదు. ఆ రుద్దడంలో విసుగు లేదు. మంచి పనివాడికి తప్పు చూపిస్తే ముందు ఆ తప్పుని చూస్తాడు, చూపించినవాళ్ళని తర్వాత.

ఆ తర్వాత బిరడా. అడుగున నీళ్ళు వదిలే బెజ్జానికి పెట్టే బిరడా గొలుసుతో కట్టి ఉందా, తడి చేత్తో తిప్పితే తిరుగుతుందా. ఒక బకెట్ నీళ్ళు లోపల పోసి, ఏ మూలా నిలవకుండా ఆ బెజ్జం దగ్గరికే చేరతాయా. చేరాయి, చక్కగా వరస కట్టి. లంగరు తాడు కట్టే కొక్కెం లోపలివైపు కూడా గట్టి పలకతో బిగించారా. కూర్చునే పలకల కింద లైఫ్ జాకెట్లు చేతికందేలా పడతాయా, లేక వాటి కోసం పెట్టె తాళం వెతుక్కోవాలా. వంగి వల లాగుతున్నప్పుడు అంచు తొడకి ఎక్కడ తగులుతుంది. ఆడపడుచు అంచుకి ఆనుకుని గాల్లోనే వల లాగి చూసింది, రెండు చేతులు మార్చి మార్చి, నడుం నుంచి. ఆమె అలా లాగుతుంటే షెడ్డులో పనివాళ్ళు కూడా ఆగి చూశారు. లేని వలకి అంత బరువుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. "అన్నయ్య నా కాలు కొలత తీసుకున్నట్టున్నాడు" అంది, సరిగ్గా తొడ సగానికి వచ్చిన అంచుని అరచేత్తో తడుతూ. ఇక మేస్త్రి నన్ను పడవ కుడిపక్కకి పిలిచాడు. అక్కడ బయటివైపు, నీటి గీతకి కొంచెం కింద, పాదం పట్టేంత గుంట, దాని పైన చెయ్యి పట్టుకునే పిడి ఒకటి. "ఇది ఇంతకుముందు ఎవరూ అడగలేదు టీచర్‌గారూ, నా సర్వీసులో మొదటిసారి చేశాను. డొప్ప మందం చేసి గుంట తీయాలి, ఒప్పుకోనన్నాను. మీ ఆయన వింటేగా! నీళ్ళలో పడ్డవాళ్ళు తిరిగి ఎక్కలేని పడవ పడవే కాదన్నాడు. మీ ఇంట్లో అందరూ చేపలే కదయ్యా, ఎవరు ఎక్కలేరు అన్నాను. ఒక టీచరుంది అన్నాడు." మేస్త్రి నవ్వాడు. ఆ గుంటలో చెయ్యి పెట్టి చూశాను, లోపల కాలు జారకుండా ఇసక అద్దించారు.

నాకు ఈత సరిగ్గా రాదు. నేర్పించబోయి ఆయనే ఓడిపోయారు. నీళ్ళలో కూడా నువ్వు వీపు నిటారుగా పెడతావేంటి, ఇన్‌స్పెక్టర్ ఎవరైనా వస్తున్నాడా అనేవారు. సెలవు రోజుల్లో నన్నూ వేటకి తీసుకెళ్ళేవారు. నేను చేసే పని పెద్దగా ఏమీ ఉండదు, తాడు చుట్టడం, ఫ్లాస్కులో టీ పోసివ్వడం. మామయ్య ముక్కు దగ్గర నడిమధ్యన, వల కుడివైపునుంచే లాగుతారు కాబట్టి మిగతా అందరూ కుడివైపే. ఆయనొక్కరు ఎడమవైపు వెనక మూల, ఇంజిన్ పిడి కుడిచేతికి అందేలా. అక్కడినుంచి ఆయన అందరి వీపులూ చూసేవారు. వీపులు చూస్తే ఎవరు అలిసిపోయారో తెలుస్తుందట. మామయ్య వీపు ఎప్పుడూ అబద్ధమే చెబుతుంది అనేవారు. నేనూ నా తరగతిలో అందరి ముఖాలు చూస్తాను, కానీ వెనక వరసలోకి వెళ్ళి వీపులు చూడటం ఆయన చెప్పాకే అలవాటైంది. నిజమే, తెలుస్తుంది. పాత పడవ కొన్నప్పటి గంట గుర్తొస్తోంది. అప్పటికి నా పెళ్ళై ఏడాది కూడా కాలేదు, అత్తగారు ఉన్నారు, ఇలాగే అందరం కూర్చున్నాం. నాకు నవ్వొచ్చింది. ఊరకే, ఇంతమంది పెద్దవాళ్ళు నీళ్ళ మధ్య మూతి బిగించి కూర్చోవడం చూసి. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన అటునుంచి చూశారు, కళ్ళతోనే వద్దన్నారు, ఆ వద్దనడంలో తనకీ నవ్వొచ్చి దగ్గారు. మామయ్య తిరగకుండానే, "పడవకి జలుబు చేసినట్టుంది" అన్నారు. ఇవాళ ఎవరికీ నవ్వు రావడం లేదు. బయల్దేరేముందు మాత్రం ఆడపడుచు అంది, "గంటసేపు నోరు మూసుకోవడం నా వల్ల కాదు నాన్నా, వదిన మూసుకుంటుంది నా బదులు, పిల్లల నోళ్ళు మూయించీ మూయించీ ఆవిడకి అలవాటు." "మూయించడం వేరు, మూసుకోవడం వేరు" అన్నాను నేను. తండ్రీ కూతుళ్ళిద్దరూ నవ్వారు. ఇన్ని నెలల తర్వాత నేను అన్న మొదటి హాస్యం అదే అని వాళ్ళకి తెలుసు, అందుకే కొంచెం ఎక్కువే నవ్వారు.

అలలు లేవు. గాలి కూడా పక్కకి తప్పుకున్నట్టుంది. ఎండ నీళ్ళ మీద పడి లేచి పడవ లోపలి గోడ మీద వలలా ఆడుతోంది. కొత్త పడవ లోపల ఎంత తెల్లగా ఉంటుందో మర్చిపోయాను. చేప రక్తం, తుప్పు, ఇసక, ఏ మరకా లేదు. ఎక్కేటప్పుడు మా కాళ్ళ తడి వల్ల అడుగున ఒక చారెడు నీళ్ళు మిగిలాయి. ఇందాక పడవ పోతున్నప్పుడు అవి వెనక్కి, బిరడా దగ్గరికి చేరాయి, చేరాల్సిన చోటికే. ఇప్పుడు చూస్తే అక్కడ లేవు. పక్కకి పాకుతున్నాయి. సన్నగా, ఒక వేలు వెడల్పున, నా చెప్పు వైపు వస్తున్నాయి. కుడివైపుకి. కాసేపు దాన్ని ఒట్టి తడిగానే చూశాను. తర్వాత చెప్పు జరిపి దాని మీద పెట్టాను. ఆడపడుచు చూడకూడదని. ఎంత చిన్న పని, ఎంత పనికిమాలిన పని. చెప్పు అంచు చుట్టూ తిరిగి నీళ్ళు ఇంకా కుడికే పోయాయి, పక్క గోడ దగ్గర ఆగాయి, అక్కడే పోగవుతున్నాయి. తలెత్తితే మరిది నన్ను కాదు, నా చెప్పునీ కాదు, దూరంగా గట్టునీ పడవ అంచునీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి కొలుస్తున్నాడు. వాడికీ తెలిసిపోయింది. ఆడపడుచు ఐసు పెట్టె మూతని రెండు చేతులా పట్టుకుని ఉంది, జారిపోతుందన్నట్టు. మూత ఎక్కడికీ జారదు. వాలు అంత పెద్దది కాదు, తెలియనివాళ్ళకి తెలియదు. తెలియనివాళ్ళు ఈ పడవలో లేరు.

మామయ్య కుడిచెయ్యి అంచు మీంచి కిందికి వదిలారు. మణికట్టు దాకా నీళ్ళలోకి దిగింది. తీసి, తుడుచుకోకుండా, ఎడమచెయ్యి వదిలారు. వేళ్ళ కొసలే తడిశాయి. ఆ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కళ్ళున్న మేము ముగ్గురం దాస్తున్నది ఆయన చేతులతో చూసేశారు. ఎంత నెమ్మదిగా చూశారు, ఎంత మర్యాదగా, ఒక మనిషి నుదురు ముట్టుకుని జ్వరం చూసినట్టు. ఇంకో రెండు నిమిషాల్లో చాలంటారు, ఆ తర్వాత వద్దంటారు. అరవరు. మేస్త్రిని తిట్టరు. కొడుకు ఎంచుకున్న ఆకారం, కొడుకు నిలబడి పోయించిన డొప్ప, వద్దంటారు, ఎందుకంటే రేపు అందులో కూర్చోవాల్సింది మిగిలిన పిల్లలు. అలా అనగలగడం కూడా గొప్పే. నేనైతే అనలేను. నేను తప్పు సమాధానం పక్కన కూడా ఎర్ర సిరా వాడని మనిషిని.

బాగా కూర్చుంటుంది. అంటే తప్పే అన్నమాట. ఎంత జాగ్రత్తపరుడైనా ఒకసారి తప్పు చెప్పవచ్చు, చెప్పిన వెంటనే చనిపోతే అది దిద్దుకునే వీలు ఉండదు, అంతే కదా. నేను ఆ వాక్యానికి అంత బరువు పెట్టి ఉండాల్సింది కాదు. కానీ పొద్దున షెడ్డులో అన్నీ సరిగ్గా ఉన్నాయి. తట్టిన చోటల్లా గట్టిగా పలికింది. బకెట్ నీళ్ళు తిన్నగా బెజ్జం దగ్గరికే పోయాయి. మరిది నిలబడి నడుపుకొచ్చినప్పుడు ఈ చారెడు తడి కూడా వెనకే ఉంది, మధ్యలోనే ఉంది. ఆగాకే పక్కకి వచ్చింది. ఆగాక ఏం మారింది? మరిది వెనకనుంచి లేచి వల లాగే పక్కకి వచ్చాడు, తన చోటికి. ఆడపడుచు తన చోట. నేను నా చోట. చేతులు తుడుచుకుని, తడుముకోకుండా, ఎవరూ ఎక్కడ కూర్చోవాలని అడగకుండా కూర్చున్నాం, చీకట్లో కూడా మన మంచం మనకి దొరికినట్టు. నాకు తరగతి కనిపిస్తోంది ఎందుకో. మూడో బెంచీ. ఒక పిల్ల రాని రోజు ఆ బెంచీలో మిగిలినవాళ్ళు సర్దుకుని విశాలంగా కూర్చోరు. ఇరుక్కునే కూర్చుంటారు, రాని పిల్ల చోటు వదిలేసి. జరగండమ్మా అంటే ఒకసారి ఒకర్తె నన్ను వింతగా చూసింది, "అది దాని చోటు కదా మేడం" అంది. జ్వరం వచ్చి రెండు వారాలు రాలేదు ఆ పిల్ల, ఆ జానెడు చెక్క మీద ఎవరూ పుస్తకం కూడా పెట్టలేదు. దాని చోటు. నేను తల తిప్పి ఎడమవైపు వెనక మూల చూశాను. ఇక్కడిదాకా వచ్చి, ఎక్కి, ఇంతసేపు కూర్చుని, అటు మాత్రం చూడకుండా ఉన్నాను. తెల్లటి పలక. ఎండ. ఎవరూ లేరు. మేం ముగ్గురం కుడివైపే ఉన్నాం.

ఆయన భారీ మనిషి. తలుపు దగ్గర నిలబడితే గదిలో వెలుతురు తగ్గేది. ఇన్నేళ్ళూ మేం కుడివైపు కూర్చున్నది వల కోసమే అనుకున్నాను. మేం ముగ్గురం ఆయనకి ఎదురుబరువు, ఆయన మాకు ఎదురుబరువు. అలా సరిపోయి తిరిగాం. ఇప్పుడు ఆయన లేకుండా ఆయనకి సరిపోయేలా కూర్చున్నాం, ముగ్గురికి ముగ్గురం, పుట్టినప్పటినుంచి పడవల్లో ఉన్నవాళ్ళతో సహా. పడవ ఒక్కటే ఆయన లేరని ఉన్నది ఉన్నట్టు చెబుతోంది. మాట్లాడకూడదు. మాట్లాడాలన్నా ఏమనాలి? మీ అన్నయ్య చోటు ఖాళీగా ఉంది అనాలా? ఆ వాక్యం ఇంట్లో ఇంతవరకు ఎవరూ అనలేదు, భోజనాల దగ్గర కూడా. లేచాను. పడవలో లేచేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ పడవకే ఇవ్వాలని ఆయన చెప్పింది గుర్తు పెట్టుకుని, అడ్డపలక పట్టుకుని, వంగి, అటు రెండడుగులు వేశాను. కూర్చోబోయి ఆగాను. మూడో బెంచీ పిల్లలు నన్ను చూస్తున్నట్టే ఉంది. అది దాని చోటు కదా మేడం. అవునమ్మా. కూర్చున్నాను.

నా బరువు ఆయన బరువుకి చాలదు. కానీ అటునుంచి తీసి ఇటు పెట్టిన బరువు రెండింతలు పనిచేస్తుంది, అది చిన్న తరగతి పిల్లలకి తక్కెడ చూపించి నేనే చెబుతాను. పడవ కొంచెం ఊగింది, అటు, ఇటు, నిద్రలో పక్కకి తిరిగే మనిషిలా ఒకసారి సర్దుకుంది. తర్వాత కదల్లేదు. అడుగున చారెడు నీళ్ళు కుడి గోడ వదిలి, దారి గుర్తొచ్చినట్టు బిరడా దగ్గరికి పాకాయి. ఆడపడుచు వెనక్కి తిరిగి నన్ను చూసింది, నేను కూర్చున్న చోటు చూసింది, పెట్టె మూత మీంచి చేతులు తీసి ముఖం కప్పుకుంది. మరిది గట్టు వైపే చూస్తున్నాడు, వాడి వీపు చెబుతోంది. నిజమే, వీపులు చూస్తే తెలుస్తుంది. ఈ మూలనుంచి అందరూ ఎంత బాగా కనిపిస్తారు. మామయ్య మళ్ళీ రెండు చేతులూ వదిలారు, ఈసారి రెండూ ఒకేసారి. రెండు మణికట్లూ పైనే ఉన్నాయి, రెండు అరచేతులూ ఒకే గీత దాకా మునిగాయి. అలాగే ఉంచారు. చాలాసేపు ఉంచారు. నీళ్ళలో ఎవరి చేతులో పట్టుకున్నట్టు.

"వెనక ఎవరు?" అన్నారు తిరగకుండానే.

"నేను మామయ్యా."

"పెద్దాడి చోట్లోనా?"

"అవును మామయ్యా."

చేతులు పైకి తీసి ముఖం తడుపుకున్నారు. "ముసలి ముండావాణ్ణి, నాకూ తట్టలేదు చూడు" అన్నారు. "మంచి పడవని వాలుతోందని పంపించేసేవాణ్ణి." అంచు తడుముతూ, "బాగా చేయించాడు" అన్నారు. "చాలు. పదండి, తీసుకుంటున్నాం అని చెప్పండి వాడికి, పాపం ఎండలో నిలబడ్డాడు."

మరిది లేవబోయి ఆగాడు. "నేను కదిలితే మళ్ళీ వాలుతుంది. వదినా, నువ్వే ఇంజిన్ తాడు లాగు."

"నాకు రాదు."

"పిల్లలు నాకు రాదంటే ఊరుకుంటావా?" అంది ఆడపడుచు ముఖం తుడుచుకుంటూ. "లాగు. చేత్తో కాదు, నడుంతో."

మొదటిసారి లాగితే ఇంజిన్ దగ్గి ఊరుకుంది. "దానికీ జలుబే" అన్నారు మామయ్య ముందునుంచి. రెండోసారి నడుంతో లాగాను. పిడి నా కుడిచేతిలో వణికింది, భుజం దాకా వణికింది. ఎటు పోవాలంటే దానికి ఎదురు వైపు తొయ్యాలి. అది మాత్రం తెలుసు, ఎన్నిసార్లు చూశానో. గట్టు కుడివైపు ఉంది. పిడి ఎడమకి, నా వైపుకి లాక్కున్నాను. ముక్కు మెల్లగా తిరిగింది, దాంతోపాటు మామయ్య వీపు, మరిది, ఆడపడుచు, అందరూ తిరిగారు, అగ్గిపుల్లంత మేస్త్రి మాకు ఎదురుగా వచ్చి చేతులు విప్పాడు. "నల్లబోర్డు మీద గీత గీసినట్టు తిన్నగా పోనీ వదినా!" అని ఆడపడుచు అరుస్తోంది. నేను వెనక పలక వైపు కొంచెం వంగి, పాలు పొంగినందువల్ల ఆ సాయంత్రం ఇవ్వలేకపోయిన జవాబు ఇచ్చాను.

"కూర్చుంది" అన్నాను. ఇంజిన్ మోతలో ఎవరికీ వినపడలేదు.